కాగితం, పెన్సిలు, తెనాలి–రేపల్లె బండి

దగ్గర్లో ఒక తెల్లకాగితం, పెన్సిలు ఉంటే తెచ్చుకోండి. పిల్లల నోటుపుస్తకంలో వెనక పేజీ అయినా సరే. వంటింట్లో ఉన్నవాళ్ళు వేలితో గట్టుమీద గీసుకున్నా పని జరిగిపోతుంది.

అంకెల్ని బొమ్మగా ఎలా గీయాలి, దేంతో గీయాలి అన్నది ఇవాళ్టి విషయం. మా రోజుల్లో బడిపుస్తకాలు వీటిని కమ్మీ రేఖాచిత్రం, సోపాన చిత్రం, వృత్తరేఖాచిత్రం అనేవి. పరీక్షలో ఎనిమిది మార్కులు వేయించుకుని మర్చిపోయాం. ఇప్పుడు అందరం గ్రాఫు, చార్టు అంటున్నాం. ఆ మాటలే వాడతాను. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీ చేతే గీయిస్తాను. ఒకందుకు ఇదే నయం. కంప్యూటరు ముందు కూర్చుంటే మనం ఆలోచించేలోపే బొమ్మ వచ్చి కూర్చుంటుంది.

కాగితానికి ఎడమ అంచున, పైనుంచి కిందికి, స్టేషన్ల పేర్లు రాయండి. పైన తెనాలి. దాని కింద వేమూరు, ఆ కింద భట్టిప్రోలు, అట్టడుగున రేపల్లె. మధ్యలో ఉన్న చిన్న స్టేషన్లు మీకు తెలిస్తే అవీ రాసుకోండి. నేల మీద ఎడం ఎక్కువున్న చోట కాగితం మీదా ఎక్కువ ఎడం వదలండి. ఇప్పుడు కాగితం అడుగున, ఎడమనుంచి కుడికి, గంటలు వెయ్యండి: ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఏడింటికి తెనాలిలో ఒక బండి బయల్దేరి ఎనిమిదింటికి రేపల్లె చేరిందనుకుందాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న వేళలు. టైంటేబుల్ అనుకుని సంచి సర్దుకోకండి. తెనాలి ఎదుట, ఏడు దగ్గర ఒక చుక్క. రేపల్లె ఎదుట, ఎనిమిది దగ్గర ఇంకో చుక్క. రెండూ కలపండి. ఎడమనుంచి కుడికి జారుతూ ఒక ఏటవాలు గీత వస్తుంది. అదే బండి. ఏడుంపావుకి రేపల్లెలో ఇంకో బండి బయల్దేరి ఎనిమిదుంపావుకి తెనాలి చేరిందనుకోండి. దాని గీత కిందనుంచి పైకి ఎక్కుతుంది. రెండు గీతలూ ఒకచోట ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

అక్కడ ఆగి చూడండి. ఆ లైను సింగిల్ లైను. గీతలు కోసుకున్న చోటికి సూటిగా ఎడమకి వచ్చి స్టేషను పేరు చూస్తే, లూపు లైనున్న ఏదో ఒక స్టేషను ఎదురుగా ఉందా, సరే. ఒక బండి లూపు లైన్లో నిలబడుతుంది, రెండోది సాగిపోతుంది. వేమూరు, భట్టిప్రోలు మధ్య పొలాల్లో కోసుకున్నాయా, కొంప మునిగినట్టే. అప్పుడేం చేస్తారు? ఒక బండిని ముందు స్టేషన్లో పది నిమిషాలు ఆపుతారు. ఆగిన బండికి కాలం నడుస్తుంది, దూరం నడవదు. అందుకని గీత కాసేపు అడ్డంగా, చాపలా పడుకుంటుంది. తర్వాత మళ్ళీ జారుతుంది. బండి జోరుగా పోతే గీత నిట్రంగా ఉంటుంది, ఈడిగిలపడితే వాలిపోతుంది. ఇది మీరు ఏ పుస్తకమూ చదవకుండానే, గీస్తూనే పట్టేశారు.

రైల్వే కంట్రోలు ఆఫీసుల్లో సెక్షన్ కంట్రోలర్లు ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే. బల్లంత కాగితం, స్కేలు, పెన్సిలు, చెవికి ఫోను. ఇప్పుడు అదే గీతను కంప్యూటరు తెరమీద గీస్తోంది. 1880ల నాటికే ప్యారిస్–లియోన్ బళ్ళన్నిటినీ ఇలా ఒక్క కాగితం మీద గీసిన బొమ్మను ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన పుస్తకంలో అచ్చువేశాడు. అది ఇబ్రీ అనే ఇంజినీరు పద్ధతి అని కూడా చెప్పాడు. ఆంధ్రా ప్యారిస్ అని తెనాలికి పేరుంది కాబట్టి మనం ప్యారిస్ బొమ్మను తెనాలికి తెచ్చుకోవడంలో తప్పులేదు.

ఈ బొమ్మతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అందమా అంటే అందం లేదు. పిల్లలు గీసిన గోడలా ఉంటుంది. కానీ ఒక మనిషి అడిగే ఒక ప్రశ్నకి జవాబు దాంట్లో ఉంది: ఏ బండిని ఎక్కడ ఆపాలి? అదే అంకెల్ని తెనాలి ప్లాట్‌ఫారం మీద నెత్తిన బుట్ట పెట్టుకుని నిలబడ్డ ఆమెకి ఇలా గీసి చూపిస్తే, ఇదేం ముగ్గయ్యా అంటుంది. ఆమెకి కావలసింది నల్లబోర్డు: రేపల్లె, ఎన్ని గంటలకి, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం. అంకెలు అవే, చూసే కన్ను వేరు. గ్రాఫు గీయబోయేవాడు ఏ సాఫ్ట్‌వేరు కొనాలి అని అడిగితే నేను ఎదురు అడిగేది ఇదే. చూసేది కంట్రోలరా, బుట్ట నెత్తినున్న ఆమా?

ఇక రైలు దిగి కృష్ణ ఒడ్డుకి పోదాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బరాజ్ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్ళింది. బరాజ్ కట్టాక అంత ఎప్పుడూ రాలేదన్నారు. ఆ అంకె ఆ రెండు రోజులూ రేడియోలో, టీవీలో, ఫోన్లలో మోగిపోయింది. వినేవాళ్ళలో ఎంతమందికి అందిందో చెప్పండి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, మన లెక్కలో సుమారు 28.3 లీటర్లు. అంటే సెకనుకి మూడు కోట్ల పాతిక లక్షల లీటర్ల దాకా. ఇదీ తలకెక్కదు. ఇలా చూద్దాం: బరాజ్ వెనక చెరువులా నిలిచే నీరు మొత్తం సుమారు 3.07 టీఎంసీలు. ఆ చెరువు ఎండి అడుగు కనబడుతోందనుకుంటే, ఆ వరద దాన్ని ముప్పావుగంటలో నింపేస్తుంది. ఇప్పుడు అందిందా? బొమ్మంటే గీతే కానక్కర్లేదు. మనిషికి అప్పటికే తెలిసిన వస్తువు పక్కన తెలియని అంకెను నిలబెట్టడం కూడా బొమ్మే.

మర్నాడు చార్టులు వచ్చాయి. 2009 అక్టోబరు వరద సుమారు 11 లక్షలు, 2024ది 11.43 లక్షలు. రెండు కమ్మీలు, అంటే రెండు నిలువు పట్టీలు, పక్కపక్కన. నిలువు గీతను సున్న దగ్గర మొదలుపెడితే రెండూ కవలల్లా ఉంటాయి, ఆ కాస్త తేడాకి కళ్ళద్దాలు కావాలి. పదిన్నర లక్షల దగ్గర మొదలుపెడితే రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు ఎత్తుంటుంది. అంకెల్లో అబద్ధం లేదు, ఎత్తులో ఉంది. కమ్మీకి అర్థం దాని పొడుగే. మొదలు నరికేస్తే ఆ పొడుగు అబద్ధమైపోతుంది. కమ్మీ వేస్తే సున్న నుంచి వెయ్యాలి, ఇది నేను బేరమాడని నియమం. గీత గ్రాఫుకి అంత పట్టింపు అక్కర్లేదు. జ్వరం చార్టును ఎవరూ సున్న డిగ్రీల నుంచి గీయరు కదా.

అయితే కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్లో ఉండే రైతుకి ఈ రెండు కమ్మీల పోటీతో పనేముంది? 2009 గెలిచిందా, 2024 గెలిచిందా అన్నది పేపరువాళ్ళ గోల. బరాజ్ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది ఇస్తారు. ఈ అంకెలు లంకల్లో పెద్దవాళ్ళకి కంఠతా వచ్చు. ఆ రైతు మనసులో ఉన్న ప్రశ్న వేరే: నా కంద తోటలోకి ఎన్నింటికొస్తుంది, గేదెల్ని ఇప్పుడే కరకట్ట మీదికి తోలాలా, పొద్దున దాకా ఆగొచ్చా? ఆయన కోసం నేను గీస్తే అడ్డంగా గంటలు వేస్తాను. నిలువుగా క్యూసెక్కులు వెయ్యను, ఆ ఊళ్ళో నీటి ఎత్తు వేస్తాను. ఆ ఎత్తుల దగ్గర ఊరి గుర్తులు పెడతాను: ఇది చప్టా, ఇది బడి అరుగు, ఇది గుడి మెట్టు, ఇది కట్ట. జరిగిపోయినదాకా మందంగా గీత, రాబోయేది చుక్కల గీత. అది గుడిమెట్టు రాసిన చోటికి ఎన్నింటికి తగులుతుందో ఆయనే వేలు పెట్టి చూపిస్తాడు.

కొత్తేం కాదు ఇది. వంతెన కానాల కాళ్ళకి తెల్లరంగు వేసి అడుగులు, అంగుళాలు రాసి ఉంచుతారు, చూసే ఉంటారు. నది తన గ్రాఫు తనే గీసుకునే చోటది. వరద తగ్గాక గోడలమీద మిగిలే బురదచార కూడా అలాంటిదే. అంత నమ్మకమైన చార్టు నేను కంప్యూటరులో చూడలేదు.

ఇప్పుడు కాగితం తిప్పి వెనకవైపు మూడు గుండ్రాలు గీయండి. 2011 జనాభా లెక్కల్లో తెనాలి పట్టణం సుమారు లక్షా 65 వేలు, బాపట్ల 71 వేలు, రేపల్లె 51 వేలు. తెనాలి రేపల్లెకి మూడు రెట్లకి కాస్త పైమాట. అందుకని రేపల్లె గుండ్రానికి ఒక సెంటీమీటరు వ్యాసార్ధం, తెనాలికి మూడుంపావు సెంటీమీటర్లు తీసుకున్నారా? కాస్త దూరం జరిపి చూడండి. తెనాలిలో రేపల్లెలు పది పడతాయి. కన్ను చూసేది చుట్టుకొలతను కాదు, లోపలి జాగాను. జాగా మూడుంపావు రెట్లు కావాలంటే వ్యాసార్ధం ఒకటి పాయింటు ఎనిమిది చాలు. పేపర్లలో ఈ పొరపాటు వారానికోసారి కనబడుతుంది. తెనాలివాళ్ళు మాత్రం ఫిర్యాదు చెయ్యరనుకుంటాను.

అయినా సరిగ్గా గీసిన గుండ్రాలతోనూ కన్ను తడబడుతుంది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికా గణాంకవేత్తలు మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించారు. ఒకే కొలబద్ద మీద చుక్కలు ఎక్కడున్నాయో పోల్చమంటే జనం బాగా పోల్చారు. పొడుగులూ ఫర్వాలేదు. కోణాల దగ్గరికొచ్చేసరికి తప్పులు పెరిగాయి. జాగాల్ని పోల్చడం ఇంకా కష్టమని వాళ్ళు వరసలో కింద పెట్టారు. పై చార్టు, అంటే మన పాత వృత్తరేఖాచిత్రం, నాకు ఎందుకు నచ్చదో దీంతో మీకు అర్థమై ఉంటుంది. రెండు ముక్కలుంటే సరే. ఎనిమిది ముక్కలైతే అది పెళ్ళిభోజనంలో అరిటాకు, ఏది ఎంత వడ్డించారో తినేవాడికే తెలియదు.

గుండ్రాల మాటొచ్చింది కాబట్టి ఫ్లోరెన్స్ నైటింగేల్ సంగతి. దీపం పట్టుకున్న నర్సమ్మగానే మనకి తెలుసు. క్రిమియా యుద్ధం తర్వాత, 1858లో, ఆవిడ రేకుల పువ్వులాంటి చార్టు ఒకటి వేసింది. నెలకొక రేకు. సైనికులు గాయాలకంటే, నివారించగలిగిన రోగాలతో ఎన్నో రెట్లు ఎక్కువ చనిపోయారని చూపించడానికి వేసింది. తర్వాతి కాలంలో ఆవిడే మన దేశంలో కరువుల గురించి, కాలువల గురించి పట్టుబట్టి రాసింది. గోదావరి, కృష్ణా ఆనకట్టల వెనకున్న ఆర్థర్ కాటన్ దొర వాదానికి లండన్‌లో గొంతు కలిపినవాళ్ళలో ఆవిడ ఒకరు. తెనాలి కాలువల్లో పారే నీటికీ ఆ పువ్వుకీ ఇలా దూరపు చుట్టరికం ఉంది. ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి: ఆ పువ్వు గొప్పది, కానీ చదవడం కష్టం. రేకు పొడుగు చూడాలా, వెడల్పు చూడాలా, జాగా చూడాలా అని ఈనాటికీ చూసినవాళ్ళు తికమకపడతారు. ఆవిడ అంకెలకి మామూలు కమ్మీలు ఇంకా గట్టిగా పలికేవి. కానీ ఆవిడ చూపించదలిచింది మంత్రులకి. వాళ్ళు పేజీ తిప్పకుండా ఆగాలంటే పువ్వు కావలసి వచ్చిందేమో.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తున్నాను. మా బావ ఒకాయన నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు వేశాడు. రొయ్యల సాగు తెలిసినవాళ్ళకి డీవో అంటే చెప్పక్కర్లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు. మీటరు ముంచి చూస్తారు, నాలుగుకి పైనుంటే నిశ్చింత, మూడుకి దిగితే గుండెదడ. మా బావ పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు. డీవో పొద్దున ఆరు, సాయంత్రం ఏడు, అటూ ఇటూగా. కొడుకు ఆ అంకెల్ని ఫోనులో ఎక్కించి గ్రాఫు చేశాడు. ఆకుపచ్చ గీత, మెలికలు తిరుగుతూ నున్నగా, మిఠాయి కొట్టు జిలేబీలా. నాకు వాట్సాపులో పంపారు. నేనూ బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పెట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

మబ్బు పట్టిన ఒక వారంలో, తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యలు తేలాయి. ఏరేటర్లన్నీ వేసి, కిందామీదా పడి సగం దక్కించుకున్నారు. తర్వాత నేను వెళ్ళినప్పుడు షెడ్డులో కూర్చుని ఆ గ్రాఫు మళ్ళీ చూశాం.

"బావా, రాత్రిళ్ళు ఎంతుండేది?" అన్నాను.

"రాత్రి ఎవడు కొలుస్తాడు?" అన్నాడు. "గీత ఉందిగా, ఆరుకీ ఏడుకీ మధ్యనే తిరుగుతోంది."

గీత ఉంది, నిజమే. సాయంత్రం ఆరు చుక్కనుంచి మర్నాడు పొద్దున పది చుక్క దాకా పదహారు గంటల గీత. దాన్ని గీసింది మా బావ కాదు, మీటరు కాదు, ప్రోగ్రాము. రెండు చుక్కలు కనబడితే కలపడం దాని అలవాటు. నున్నగా ఉండాలని ఒక మీట కూడా నొక్కి ఉంది. నీటిలో జరిగేది వేరు. పగలు ఎండకి నీటిలోని పచ్చనాచు ప్రాణవాయువు ఇస్తుంది. పొద్దు కుంకితే అది ఇవ్వడం మానేస్తుంది, రొయ్యలతో పాటు తను పీల్చుకోవడం మాత్రం ఆగదు. అందుకని తెల్లవారే ముందు చెరువులో డీవో అట్టడుగుకి పోతుంది, ఎండెక్కాక మళ్ళీ కోలుకుంటుంది. పదింటికి కొలిచేసరికి ఏమీ జరగనట్టే ఉంటుంది. రోజూ ఒక గొయ్యి పడుతోంది. ఆ గొయ్యి మీద ప్రోగ్రాము నున్నటి వంతెన కట్టింది. మేం ఆ వంతెన మీద నడిచాం.

గ్రాఫులో కొలిచింది కొలిచినట్టు, కొలవనిది కొలవనట్టు కనబడాలి. రంగులు, అక్షరాలు, అందం అన్నీ దీని తర్వాతే. చుక్కలు చుక్కలుగానే వదిలేసి ఉంటే ఆ ఖాళీ మమ్మల్ని గుచ్చి ఉండేది.

రొయ్యల దగ్గరే ఇంకో చిన్న ముచ్చట. వాళ్ళ లెక్క కౌంటు లెక్క. కిలోకి వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్నంలో కూర్చుని చార్టు వేసినవాడు కౌంటును మామూలుగా పైకి పెరిగేలా గీస్తే, రొయ్య ఎదుగుతున్న చెరువు దివాలా తీస్తున్నట్టు కిందికి దిగుతుంది. అక్కడ కొలబద్దను తల్లకిందులు చెయ్యాలి. లేదా రొయ్య బరువు గ్రాముల్లో వెయ్యాలి. ఎకరానికి బస్తాలు కూడా అంతే. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, దేశమంతా పాకింది. బీపీటీ అన్న మూడక్షరాల్లో ఉన్నది బాపట్లే. దాని దిగుబడి పరిశోధన పత్రాల్లో హెక్టారుకి ఇన్ని కిలోలని ఉంటుంది. గట్టుమీద రైతు 75 కిలోల బస్తాల్లో, ఎకరాల్లో మాట్లాడతాడు. హెక్టారుకి 5,560 కిలోలు అన్నా, ఎకరానికి 30 బస్తాలు అన్నా ఒకటే. మొదటిది చెబితే తల ఊపుతాడు, రెండోది చెబితే మాట్లాడతాడు.

పైగా ఆ 30 సగటు. సగటును ఒక్క కమ్మీగా నిలబెట్టడం నాకు నచ్చదు. ఒక రకం పది మంది పొలాల్లో 28 నుంచి 32 దాకా వచ్చిందనుకోండి, ఇంకోటి 15 నుంచి 45 దాకా వచ్చిందనుకోండి. రెండింటి సగటూ 30 కావచ్చు, కమ్మీలు సరిసమానంగా నిలబడతాయి. పది పొలాలకి పది చుక్కలు పెట్టండి, ఏ రకం ఎలాంటిదో గుట్టు బయటపడుతుంది. అప్పు తెచ్చి కౌలుకి చేసేవాడికి సగటుతో పనిలేదు, మరీ చెడితే ఎన్ని బస్తాలన్నదే కావాలి. దుగ్గిరాల పసుపు యార్డులో ధరల్ని కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని మూడుగా రాస్తారు. మార్కెట్టు గుమస్తాలు గణాంకవేత్తల కంటే ఎప్పుడూ ఓ అడుగు ముందే ఉన్నారు.

తుఫాను మ్యాపు మాట చెప్పకుండా బాపట్ల దాటలేం. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ తీరంలో ఇంకా ఉన్నారు. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర్లోనే తీరం దాటాయి. వాతావరణశాఖ వేసే మ్యాపులో సముద్రం మీద ఒక గీత, దాని చుట్టూ ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే గంపలాంటి ఆకారం ఉంటుంది. చాలామంది ఆ గంపను తుఫాను పెరుగుతున్న సైజనుకుంటారు. కాదు. తుఫాను నడిబొడ్డు ఆ గంపలో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. రేపటి అంచనా కంటే ఎల్లుండి అంచనాకి తప్పే వీలు ఎక్కువ, అందుకే వెడల్పు. ఇంకొందరు నడుమ గీత ఒక్కటే చూసి, అది బాపట్లకి పోతోంది, మనకేం కాదు అని నిద్రపోతారు. మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది 5న. చెన్నై మునిగింది 3, 4 తేదీల్లో. తెనాలి చుట్టుపక్కల పనలమీదున్న వరి నానింది. వాన గంప అంచు చూసుకుని కురవదు.

ఇంత చదువుకున్న మ్యాపు పక్కన నిజాంపట్నం హార్బరు కథ వేరు. అక్కడ ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పగలు స్తంభానికి శంకువులు, డ్రమ్ములు వేలాడదీస్తారు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు. పడవలో ఉన్న మనిషి దాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: వెళ్ళాలా వద్దా? గంప ఆకారం జిల్లా అధికారికి, దీపం పడవవాడికి. ఏది ఎక్కువ శాస్త్రీయం అని వాదించుకోవడం దండగ.

రంగుల సంగతి త్వరగా ముగిస్తాను. ఎరుపు ఆకుపచ్చల తేడా కనబడని మగవాళ్ళు ప్రతి ఊళ్ళో కొందరుంటారు, ఆ జంటను నమ్ముకోకండి. సచివాలయంలో నోటీసు బోర్డుకెక్కే చార్టు జిరాక్సు మిషనులో నుంచి వస్తుంది, అక్కడ అన్ని రంగులూ బూడిదే. కాబట్టి ముందు నలుపు తెలుపులో అర్థమయ్యేలా గీసి, తర్వాత రంగు దిద్దండి. ఇంకోటి, మన రాష్ట్రంలో రంగులు ఊరికే ఉండవు. పసుపు పంట చార్టు కదా అని పసుపురంగు వేసి ఎన్నికల నెలలో అతికించి చూడండి. నీలం వేసినా అంతే. ఏ రంగు ఎవరిదో రేడియోలో నేను చెప్పక్కర్లేదు.

మ్యాపులు గీసేవాళ్ళకి ఒక గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత గుంటూరు జిల్లాలోంచి వేమూరు, రేపల్లె, బాపట్ల, పాత ప్రకాశంలోంచి చీరాల, పర్చూరు, అద్దంకి కలిపి బాపట్ల జిల్లా చేశారు. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఇది మర్చిపోయి పదిహేనేళ్ళ లెక్కలతో గుంటూరు జిల్లా గీత గీస్తే, 2022లో గీత దభాలున పడుతుంది, ఏదో మహమ్మారి ఊళ్ళు ఊడ్చేసినట్టు. పడింది జనం కాదు, సరిహద్దు. మండలాల వారీగా పాత లెక్కలు విడదీసి, మళ్ళీ కలిపి గీయాలి. విసుగు పుట్టే పని. గ్రాఫు పనిలో ముప్పాతిక ఇదే.

సరే, ఇప్పుడు పనిముట్లు. దేంతో గీయాలి? నేను మొదట వాడేది ఇప్పుడు మీ చేతిలో ఉన్నదే. పెన్సిలుతో పది నిమిషాల్లో ఐదు రకాలుగా గీసి నాలుగు చింపెయ్యొచ్చు. కంప్యూటరులో చేసినదాన్ని చింపడానికి మనసొప్పదు.

ఒక్కసారికి, ఒక్క చార్టుకి ఎక్సెల్ చాలు. డబ్బు పెట్టకూడదంటే లిబ్రెఆఫీసు ఉచితం, తెలుగు అక్షరాలు చక్కగా చూపిస్తుంది. అవి మొదట ఇచ్చే బొమ్మను మాత్రం తీసుకోకండి. నీడలు, త్రీడీ ఉబ్బులు, అక్కర్లేని గళ్ళు తీసెయ్యండి. గీతల రంగులకి పక్కనెక్కడో సూచిక పెట్టే బదులు, పేరును గీత చివరే రాయండి. ఫోనులో, వెబ్‌లో చూసేవాళ్ళ కోసమైతే డేటార్యాపర్, ఫ్లరిష్ లాంటివున్నాయి. అవి బ్రౌజరులో నడుస్తాయి కాబట్టి తెలుగు ఒత్తులు చెదరవు. అయితే మీ అంకెలు వాళ్ళ సర్వర్లకి వెళతాయి. ఆసుపత్రి లెక్కలో, పేర్లున్న జాబితాలో అయితే వద్దు. మ్యాపులకి క్యూజీఐఎస్, ఉచితం. మొదటి వారం ఏడిపిస్తుంది, రెండో వారానికి స్నేహితుడవుతుంది.

రోజూ అదే బొమ్మ కొత్త అంకెలతో రావాలంటే, అంటే వరద రోజుల్లో గంటకోసారి, చేత్తో చెయ్యడం నరకం. అప్పుడు ఆర్ గాని, పైథాన్ గాని నేర్చుకోవాలి. ఆర్‌లో జీజీప్లాట్2 అనేది ఉంది. లీలాండ్ విల్కిన్సన్ 1999లో గ్రాఫులకి వ్యాకరణం ఉంటుందని ఒక పుస్తకం రాశాడు, దాని మీద కట్టినదది. సంధులు, సమాసాలు నేర్చినవాళ్ళకి ఆ పద్ధతి నచ్చుతుంది: ఇది అంకె, ఇది దాని స్థానం, ఇది దాని ఆకారం అని విడివిడిగా చెప్పి కలపడం. ప్రోగ్రాము రాసి చేసిన బొమ్మలో ఇంకో మేలుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి నడిచి చూడొచ్చు.

కొనేముందు, నేర్చుకునేముందు ఒక్క పరీక్ష పెట్టండి. చార్టు శీర్షికలో "కృష్ణా", "రేపల్లె", "భట్టిప్రోలు" అని రాసి చూడండి. ఒకసారి నేను ఒక పేరున్న ప్రోగ్రాముతో పొద్దుటంతా కష్టపడి మ్యాపు చేస్తే, రేపల్లెలో ఒత్తు ఊడిపోయి ల్ పక్కన లె విడిగా నిలబడింది. కృష్ణ ముక్కలైంది. అచ్చుకి ఇచ్చేదాకా ఎవరూ చూడలేదు, చూసినవాళ్ళు ఫోను చేసి మరీ చెప్పారు. ఊరి పేరే సరిగ్గా రాయలేనివాడి అంకెల్ని ఊరివాళ్ళు ఎందుకు నమ్మాలి?

మొన్న మళ్ళీ బావ చెరువు దగ్గరికి వెళ్ళాను. ఫోను గ్రాఫు మానేశాడు. షెడ్డు గోడకి గళ్ళకాగితం అతికించి, దారంతో పెన్సిలు కట్టాడు. అడ్డంగా రోజుకి నాలుగు గళ్ళు: పొద్దున పది, సాయంత్రం ఆరు, రాత్రి రెండు, తెల్లవారి నాలుగు. మూడు దగ్గర ఎర్రసిరాతో అడ్డగీత. చుక్కలున్నాయి, కలపలేదు. కాపలా కుర్రాడికి జ్వరమొచ్చిన రెండు రాత్రులు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటిలో బావ తన వంకర అక్షరాలతో "చూళ్ళేదు" అని రాసుకున్నాడు.